బాపు వంతు

మా బాపు ఇంగ్లీషులో తిట్టేది రెండింటినే. ఒకటి మా బర్రెను, రెండోది వేళకు రాని బస్సును. మనుషుల్ని తిట్టాల్సి వస్తే తెలుగులోనే తిట్టేవాడు. తిట్టు అర్థం కాకపోతే తిట్టిన ఫలితం దక్కదని ఆయన లెక్క. బర్రెకు ఏ భాషైనా ఒకటే కాబట్టి దానికి ఇంగ్లీషు. తెల్లారగానే పాలు పితుకుతూ "స్టాండు స్ట్రెయిటు! డోంటు మూవు!" అని ఆయన గదమాయిస్తుంటే, పొయ్యి దగ్గర నుంచి మా అమ్మ "అగో, బర్రెకు పాఠం షురూ అయింది" అనేది. తొంభైల చివరి ఏళ్లలో శంషాబాద్ పక్కన మా ఇంట్లో రోజూ అలాగే తెల్లవారేది.

బాపు ఇంగ్లీషు సారు. కందుకూరులో చదువుకుని, చుట్టుపక్కల సర్కారు బళ్లలో కొలువు చేసి, రిటైరయ్యాక మా చర్చివాళ్లు నడిపే చిన్న బడిలో జీతం లేకుండా పాఠాలు చెప్పేవాడు. నేనూ అదే బడిలో ఇంగ్లీషు టీచర్ని. నా క్లాసులో పిల్లలు గంట ఎప్పుడు కొడతారా అని కిటికీ వైపు చూసేవారు. ఆయన క్లాసులో గంట కొట్టినా లేచేవారు కాదు. నాకు కాస్త కుళ్లుగానే ఉండేది.

ఆయన పద్ధతి పాత పద్ధతి. సారు చెప్పాలి, పిల్లలు అనాలి. ముందు ఇంగ్లీషు ముక్క, వెంటనే దాని తెలుగు, రెండూ ఒకే రాగంలో. "ద సన్ను ఈజు హాటు" అని బాపు అంటే పిల్లలందరూ అదే అనేవారు. "ఎండ మండుతున్నది" అని బాపు అంటే పిల్లలు మళ్లీ అదే అనేవారు. తన వంతు అయిపోగానే బాపు కుడి అరచేతిని పైకి లేపేవాడు, పిల్లలను చేత్తో కూర్చున్నచోటు నుంచి లేవదీస్తున్నట్టు. ఆ చెయ్యి లేస్తే ఇక మీ వంతు అని అర్థం. మా ఊళ్లో ఇంగ్లీషు నేర్చుకున్నవాళ్లందరికీ ఆ చెయ్యి గుర్తుంటుంది. నేనూ దాని కిందే నేర్చుకున్నాను.

తరువాత నేను పట్నం వెళ్లి చదువుకున్నాను. అక్కడ ఉచ్చారణ మీద ఒక కోర్సు చేశాను. నాలుక ఎక్కడ పెట్టాలో, పెదవి ఎంత విప్పాలో అద్దం ముందు కూర్చోబెట్టి నేర్పారు. ఇంటికొచ్చి బాపును దిద్దడం మొదలుపెట్టాను. "సన్ను కాదు బాపు, సన్. ఆ ఉకారం మింగెయ్యాలె."

ఆయన నవ్వేవాడు. "చివర్ల ఉకారం లేకుంటే పిల్లలు ఏడ పట్టుకుంటరు బిడ్డా? తాడు లేని బొక్కెన లెక్క అయితది."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నా పట్నం చదువు మా ఇంట్లో అంతే.

ఇంగ్లీషంటే బాపుకు ఉద్యోగం మాత్రమే కాదు. ఆ సంగతి చెప్పకపోతే ఇది ఎవరికీ అర్థం కాదు. మా తాత పటేలు ఇంటి ముందు చెప్పులు చేత పట్టుకుని నిలబడ్డ మనిషి. బాపుకు కొలువు వచ్చిన కొత్తలో ఆ పటేలు ఇంటికి తెలుగు రాని ఆఫీసరు ఒకాయన వచ్చాడట. ఎవరికీ మాట కలవక, ఇంగ్లీషు వచ్చిన మాల పిలగాడున్నాడని బాపును పిలిపించారు. బాపు వాకిట్లో నిలబడి ఆ ఆఫీసరుతో మాట్లాడాడు. ఆఫీసరు కాసేపు విని, "ఈయనకు కుర్చీ వేయండి" అన్నాడు. పటేలు మనిషి లోపలి నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. మా తాత గోడ పక్కన నిలబడి అదంతా చూశాడు. మా ఇంట్లో క్రిస్మస్ నాడు యేసు పుట్టిన కథ తరువాత చెప్పుకునే కథ అదే. "నాకు కుర్చీ ఏసింది ఇంగ్లీషే బిడ్డా" అనేవాడు బాపు. బ్యాంకులో, తాలూకా ఆఫీసులో, దవాఖానలో, ఎక్కడికి వెళ్లినా ముందు నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడి, కుర్చీ చూపించాక కూర్చుని, అప్పుడు తెలుగులోకి దిగేవాడు.

ఇలా ఉండగా మా బడికి కంప్యూటర్ వచ్చింది. పట్నంలోని పెద్ద చర్చి ఒకటి తమ ఆఫీసులో పాతబడిన దాన్ని మాకిచ్చింది. కొత్తొక వింత అన్నట్టు ఊరంతా చూడ్డానికి వచ్చింది. పాస్టరు గారు ప్రార్థన చేశారు. స్త్రీల సమాజం వాళ్లు బల్ల మీది గుడ్డకు కుట్టినట్టే దానికీ అంచు లేసుతో ముసుగు కుట్టారు. చెప్పులు గడప బయటే విడవాలని రూలు పెట్టారు. బాపు మాత్రం చెప్పులు విడిచి, కాళ్లు కూడా కడుక్కుని వచ్చేవాడు.

దానికి ఫోను లైను తగిలించి ఇంటర్నెట్ పెట్టించింది నేనే. వెబ్ సాయంతో ఇంగ్లీషు ఎలా నేర్పాలో పట్నంలో టీచర్లకు నాలుగు రోజులు శిక్షణ ఇస్తే వెళ్లివచ్చాను. వచ్చి మా హెడ్‌మిస్ట్రెస్ ప్రాణం తీశాను. ఆమె కోస్తా మనిషి, మర్యాద ఎక్కువ, నా పోరు పడలేక ఒప్పుకుంది. మోడెం కలిసేటప్పుడు కీచుమని, గురగురమని అది చేసే చప్పుడు విని మొదటి రోజు మా పిల్లలు ఏం చేశారో చెప్పాలి. అందరూ కలిసి దాన్ని అలాగే తిరిగి అన్నారు. ఎవరు ఏది చెప్పినా తిరిగి అనడం వాళ్లకు అలవాటు మరి. బాపు పొట్ట పట్టుకుని నవ్వాడు. "గది గూడ మనలెక్కనే బిడ్డా, ముందుగాల గొంతు సవరించుకుంటది" అన్నాడు.

ఆయన దాన్ని చూసి బెదరలేదు, అసూయపడలేదు. కంప్యూటర్‌లో ఒక పదం మీద నొక్కితే ఆ పదం పలికే పేజీలు కొన్ని నేను చూపించాను. అది గబుక్కున పలికేసి ఊరుకునేది, పిల్లలకు అందేది కాదు. బాపు స్పీకరు పక్కన నిలబడి, అది అన్న ముక్కను నిదానంగా తన రాగంలో తిరిగి చెప్పి, చెయ్యి లేపేవాడు. పిల్లలు అందుకునేవారు. పట్నం శిక్షణలో ఈ పద్ధతి ఎవరూ చెప్పలేదు. కానీ మా దగ్గర పనిచేసింది అదొక్కటే.

శిక్షణలో చెప్పిన వాటిలో నాకు బాగా నచ్చింది వేరే దేశపు క్లాసుతో జత కట్టడం. వెతగ్గా వెతగ్గా ఫిన్లాండులో ఒక బడి దొరికింది. వాళ్లకూ ఇంగ్లీషు పరాయిదే, వాళ్లూ మాలాగే నేర్చుకుంటున్నారు. మా పిల్లలు కాగితం మీద రాసిచ్చిన ఉత్తరాలు నేను టైపు చేసి పంపేదాన్ని. వాళ్ల జవాబులు ప్రింటు తీసి తెస్తే, వాటిని క్లాసులో చదవడం బాపు పని. మా ఇంట్లో, ఊళ్లో ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా ఆయనే చదివేవాడు కాబట్టి ఇదీ ఆయనకే దక్కింది. ఒక ముక్క ఇంగ్లీషులో పెద్దగా చదివేవాడు, ఆగి తెలుగు చెప్పేవాడు. అక్కడ చెరువులు గడ్డకట్టి పిల్లలు వాటి మీద నడుస్తారని చదివిన రోజు క్లాసంతా గోల. "సార్, ఆళ్లు గిన యేసుప్రభువా?" అని ఒక పిల్ల అడిగింది. బాపు నా వైపు చూశాడు. నేను గబగబా తరువాతి ఉత్తరం అందించాను.

ఒకసారి ఆ పిల్లలు తమ గొంతులు రికార్డు చేసి పంపారు. తమ పేర్లు, తమ ఊరు, కుక్కపిల్లల పేర్లు. మాకూ పంపాలనిపించింది. కంప్యూటర్‌కు చిన్న మైకు తగిలిస్తే ఒక్క నిమిషం మాట రికార్డవుతుంది, అంతకు మించి పట్టదు. ఆ నిమిషంలో ఏం చెప్పాలో బాపే రాశాడు. వారమంతా ఇంట్లో బర్రెకు వినిపిస్తూ సాధన చేశాడు. అమ్మ రొట్టెలు కొడుతూ వినేది. "ఇగ నాకు గూడ కంఠత వచ్చేటట్టున్నది, జర ఆపు" అని విసుక్కునేది.

దిస్ ఈజు అవరు విలేజీ. ఇది మన ఊరు. బస్సు కమ్సు ఇన్ ద మార్నింగు. పొద్దుగాల బస్సొస్తది. గ్రేప్సు గ్రో హియరు. ఈడ ద్రాక్ష పండుతది. కమ్ము అండు సీ. వచ్చి చూడుండ్రి.

అంతే పాఠం. అప్పట్లో మా చుట్టూ ద్రాక్షతోటలు ఉండేవి. ఇక్కడ పెద్ద ఎయిర్‌పోర్టు వస్తుందని చాయ్ హోటళ్లలో అప్పుడే మొదలైంది ముచ్చట. ఎవరూ నమ్మేవారు కాదు. ఇప్పుడు ఆ పందిళ్లు ఒక్కటీ లేవు.

రికార్డు చేసే రోజు బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. గొంతు పోతుంది గాని చొక్కా పోదు కదా బాపు అంటే, "నీకేం ఎరుక, గొంతుల మనిషి కనపడ్తడు" అన్నాడు. ఆయన ఒక ముక్క చెప్పాడు, చెయ్యి లేచింది, పిల్లలు అన్నారు. బయట బస్సు హారను కూడా రికార్డయింది. నిమిషం సరిగ్గా సరిపోయింది. వినిపిస్తే హెడ్‌మిస్ట్రెస్ కళ్లు తుడుచుకుంది. "మీ నాన్నగారి గొంతు ఎంత బాగుందండీ" అంది. ఫోను లైను తెగకుండా ఆ ఫైలు దేశం దాటిందని తెలిసేదాకా మేము కదల్లేదు.

జవాబు రావడానికి రెండు మూడు వారాలు పట్టింది. నేను దాన్ని ముందే చదివి ఉంటే బాగుండేది. కానీ ఆ రోజు ప్రింటు తీసింది హెడ్‌మిస్ట్రెస్. తీసి, చదవకుండానే, మంచి మనసుతో, నేరుగా బాపు చేతికిచ్చి వెళ్లింది. నేను క్లాసులో వెనక బెంచీ పక్కన నిలబడ్డాను. బాపు కళ్లజోడు సర్దుకుని మొదలుపెట్టాడు.

మీ రికార్డింగు మా క్లాసులో అందరం విన్నాం, మళ్లీ మళ్లీ విన్నాం, మాకు చాలా నచ్చింది. అది చదివి తెలుగు చెప్పాడు. పిల్లలు ఒకరినొకరు పొడుచుకుని నవ్వుకున్నారు. తరువాత ముక్క ఇంగ్లీషులో చదివాడు. ఇది మీ భాషలో పాటా, దీని అర్థం ఏమిటి, మాకు మీ ఇంగ్లీషు కూడా వినాలని ఉంది, ఈసారి ఇంగ్లీషులో ఒకటి పంపుతారా అని ఉంది అందులో. వాళ్ల తప్పేం లేదు. ఎంతో ప్రేమగా అడిగారు.

బాపు చదవడం ఆపలేదు. చివరి దాకా అదే గొంతుతో, ఒక్క మాటా వదలకుండా ఇంగ్లీషులో చదివాడు. ఆ తరువాత ఆగాడు. పిల్లలు తెలుగు కోసం చూస్తున్నారు. ఆ గదిలో ఆ కాగితంలో ఏముందో తెలిసినవాళ్లం ఇద్దరమే, ఆయనా నేనూ. ఆయన నా వైపు చూడలేదు.

"సార్, ఇంకేం రాసిన్రు?" అంది ముందు వరసలో పిల్ల.

"మీ గొంతులు మస్తున్నయంట. ఇంకొకటి పంపుమంటున్నరు" అన్నాడు బాపు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. బాపు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపు ఎవరి మీద చూపించాలో తెలియక, నవ్వుతున్న పిల్లల్ని కసిరి బయటికి పంపాను.

ఇంటికి వెళ్లే దారిలోనే నాకు సంగతి తట్టింది. ఆ నిమిషంలో సగం తెలుగే ఉంది! ఇది మన ఊరు, పొద్దుగాల బస్సొస్తది, ఈడ ద్రాక్ష పండుతది. వాళ్లకు ఇంగ్లీషని పంపిన దానిలో ఇంత తెలుగు ఉందని బాపుకు తట్టలేదు, నాకు తట్టలేదు, హెడ్‌మిస్ట్రెస్‌కు తట్టలేదు, పిల్లల సంగతి సరే సరి. మాకు అది తెలుగుగా వినపడలేదు. మా దగ్గర ఇంగ్లీషు పాఠం అంటే అదే. అర్థం చెప్పకుండా ఇంగ్లీషు చెప్పడం అన్నం పెట్టకుండా విస్తరి వేసినట్టని బాపు అనేవాడు. అన్నీ కలిపి ఒకే రాగంలో చెబితే, పాపం, మంచుదేశం పిల్లలకు ఏది ఎక్కడ మొదలైందో ఎలా తెలుస్తుంది?

పరుగున ఇంటికెళ్లి చెప్పాను. "అందులో సగం తెలుగే కద బాపు! ఆ ముచ్చట మనకెవ్వరికి తట్టలె. నువ్వు ఊకె పరేషాన్ అయితున్నవ్. అయినా ఆళ్లేమన్న దొరల పిల్లలా, ఆళ్లు గూడ మనలెక్క నేర్చుకునేటోళ్లే."

బాపు మంచం మీద కూర్చుని ఉన్నాడు. అంతా విన్నాడు.

"మిగిలిన సగమో బిడ్డా?" అన్నాడు.

ఉచ్చారణ కోర్సులో దానికి జవాబు చెప్పలేదు.

మరుసటి రోజు నుంచి బర్రె దగ్గర చప్పుడు లేదు. పాలు చెంబులో పడే శబ్దం ఒక్కటే వినిపించేది. కొన్నాళ్లు చూసి అమ్మ నన్ను పక్కకు పిలిచింది. "మీ బాపు ఇంగ్లీషు మాట్లాడ్తలేడు బిడ్డా, పానం బాగలేదా? బర్రె గూడ సక్కగ నిలబడ్తలేదు." అమ్మకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. బతుకంతా ఆ గోల భరించలేనని తిట్టిన మనిషి, ఇప్పుడది లేదని దిగులుపడుతోంది. ఏం జరిగిందో చెప్పాను. "గంత దూరపోళ్ల మాటకు గింత బాధ ఏంది" అని మాత్రం అంది, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

బడికి రావడం మానలేదు. కానీ క్లాసులో ఇంగ్లీషుకు నోరు విప్పలేదు. బోర్డు మీద రాసేవాడు, తెలుగు చెప్పేవాడు, ఇంగ్లీషు వినాల్సి వస్తే "పోయి కంప్యూటర్‌ల వినుండ్రి" అనేవాడు. పిల్లలు దాని ముందు కూర్చునేవారు. అది చెప్పి ఊరుకునేది. చెయ్యి లేపేవాళ్లు లేక వాళ్లు తమ వంతు ఎప్పుడో తెలియక ఒకరి ముఖాలు ఒకరు చూసుకునేవారు. హెడ్‌మిస్ట్రెస్ ఇదేమీ గమనించలేదు. "మీ నాన్నగారు కూడా కొత్త పద్ధతికి వచ్చేశారండీ, ఎంత మంచి మనసు" అంది. నాకు ఒళ్లు మండింది. ఆమె ముఖం మీద చెప్పలేక బాత్రూములోకి వెళ్లి నల్లా తిప్పి ఏడ్చాను.

అన్నిటికంటే నన్ను కోసేసింది బ్యాంకులో చూసిన దృశ్యం. ఏదో పని మీద నేను లోపలికి వెళ్తే, బాపు పెన్షన్ కోసం కౌంటరు దగ్గర వరసలో నిలబడి ఉన్నాడు. మేనేజరు అద్దాల గదిలోనే ఉన్నాడు, ఆయన ముందు కుర్చీ ఖాళీగానే ఉంది. ఎప్పుడూ "గుడ్ మార్నింగు సర్, హౌ ఈజు యువరు హెల్తు" అంటూ ఆ గదిలోకి వెళ్లి కూర్చునే మనిషి. ఆ రోజు వరస కదిలినప్పుడల్లా ఒక అడుగు జరుగుతూ, చేతులు ముందుకు కట్టుకుని నిలబడ్డాడు. ఆనాడు కుర్చీ వేయడం చూసిన మా తాత ఇది చూడ్డానికి లేడు, నయం. నేను పలకరించకుండా బయటికి వచ్చేశాను.

అప్పుడు ఫిన్లాండు టీచరుకు రాశాను. ఆ పాఠం మొత్తం ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, ఏది ఇంగ్లీషో ఏది తెలుగో చెప్పి, ముందు మా సారు చెబుతారు తరువాత పిల్లలు అంటారు, మా దగ్గర చదువు ఇలాగే సాగుతుంది అని రాశాను. ఆ సారు మా నాన్న అని కూడా రాశాను. ఆయన ఇంగ్లీషు మాట్లాడటం మానేశాడని రాసి కొట్టేశాను. జవాబు రాలేదు. వాళ్లకు వేసవి సెలవులని, ఆగస్టు దాకా బడులు తెరవరని తరువాత తెలిసింది. నాకప్పుడు ఆ సంగతి తెలియదు. వాళ్లు నవ్వుకుని ఊరుకున్నారనుకుని మనసులోనే కడిగిపారేశాను.

వానలు పడుతున్న రోజుల్లో ఒక పొద్దున బాపు బర్రె దగ్గర పడిపోయాడు. చెంబు దొర్లిన చప్పుడుకు అమ్మ పరుగెత్తింది. కుడి పక్క పడిపోయింది, నోరు వంకరపోయింది. జీపు మాట్లాడుకుని పట్నంలో దవాఖానకు తీసుకెళ్లాం. చిన్న వయసు డాక్టరు వచ్చి, బాపును వంగి చూసి, ఇంగ్లీషులో పేరు అడిగాడు, ఊరు అడిగాడు. బాపు కళ్లు తెరిచే ఉన్నాయి. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. డాక్టరు నన్ను బయటికి పిలిచి, ఇక మాట రాకపోవచ్చు అన్నాడు. ఇంగ్లీషును ఆయనే వదిలేసుకున్నాడు, తెలుగును కూడా దేవుడు తీసుకున్నాడు. ఆ రోజు నేను దేవుడితో చాలా దురుసుగా మాట్లాడాను. ఇప్పటికీ దాన్ని వెనక్కి తీసుకోలేదు.

బాపు ఆ దవాఖాన నుంచి ఇంటికి రాలేదు.

కానీ అంతకుముందు, ఆయన మంచం మీద ఉండగానే, ఫిన్లాండు నుంచి జవాబు వచ్చింది. సెలవు అడుగుదామని బడికి వెళ్తే హెడ్‌మిస్ట్రెస్ చెప్పింది. ఉత్తరంతో పాటు ఒక సౌండు ఫైలు ఉంది. వానకు ఫోను లైను గరగరమంటోంది. సగం దాకా దిగడం, లైను తెగడం, మళ్లీ మొదటికి రావడం. మోడెం కీచుమన్నప్పుడల్లా పిల్లలు అప్పట్లో దాన్ని వెక్కిరించిన సంగతి గుర్తొచ్చేది. చివరికి దిగింది. ఉత్తరంలో ఆ టీచరు రాసింది చిన్నదే. క్షమించండి, మాకు తెలియలేదు. మీరు రాసింది చూసి మా పిల్లలు పాఠం మొత్తం నేర్చుకున్నారు, మీ భాషలో ముక్కలతో సహా. మేము పిల్లల వంతు మాత్రమే చెప్పాం. మీ నాన్నగారి వంతు దగ్గర ఖాళీ వదిలాం. ఆయన చెబితే మేము అంటాం.

చర్చిలో పాటల టేపురికార్డరు అడిగి తెచ్చి, స్పీకరు దగ్గర పెట్టి, దాన్ని క్యాసెట్‌లోకి ఎక్కించాను. బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని దవాఖానకు వెళ్లాను. అమ్మ మంచం కాళ్ల వైపు కూర్చుని బాపు పాదాలు రుద్దుతోంది. బాపు చెవి దగ్గర టేపు పెట్టి మీట నొక్కాను.

ముందు ఏమీ లేదు. గరగర శబ్దం. అది ఆయన వంతు. తరువాత ఒక్కసారిగా పిల్లలు, "దిస్ ఈజు అవరు విలేజీ!" మళ్లీ ఖాళీ. "ఇదీ మానా ఊరూ!" గొంతుల్లో మంచు ఉన్నట్టు ఏదో తేడా, కానీ రాగం బాపుదే. చివరి ఉకారాలన్నీ వాళ్లు భద్రంగా పట్టుకున్నారు. ఒక్కటీ జారలేదు.

బాపు కళ్లు నా వైపు తిరిగాయి. ఖాళీ వచ్చింది. ఆయన పెదవులు కదిలాయి, గొంతు లేవలేదు. అక్కడెక్కడో పిల్లలు సారు చెప్పాడనుకుని తమ వంతు అనేశారు. బాపు బాగున్న చేత్తో నా మణికట్టు పట్టుకుని కుదిపాడు. నువ్వు చెప్పు అంటున్నాడు. ద్రాక్ష ముక్క దగ్గరి ఖాళీలో నేను చెప్పాను. "గ్రేప్స్ గ్రో హియర్." అద్దం ముందు నేర్చుకున్నట్టే, నాలుక ఎక్కడుండాలో అక్కడ పెట్టి చెప్పాను.

బాపు తల అడ్డంగా ఊపాడు. తప్పు చెప్పిన పిల్ల వైపు చూసినట్టు చూశాడు. వేలితో టేపు వైపు చూపించాడు.

వెనక్కి తిప్పాను. మొదటి నుంచి పెట్టాను. గరగర శబ్దం మొదలైంది. నేను కళ్లు మూసుకుని, చిన్నప్పుడు ఆయన ముందు నిలబడి చెప్పినట్టు చెప్పాను.

"దిస్ ఈజు అవరు విలేజీ."

కళ్లు తెరిచేసరికి దుప్పటి మీద నుంచి బాపు ఎడమ చెయ్యి అరచేయి పైకి పెట్టి లేస్తోంది. సరిగ్గా వేళకు లేచింది. ఫిన్లాండు పిల్లలు అందుకున్నారు. వాళ్లతో పాటు ఇంకో గొంతు వినిపించింది. మంచం కాళ్ల దగ్గర మా అమ్మ, బతుకులో ఒక్క ఇంగ్లీషు ముక్క పలకని మా అమ్మ, బాపు పాదాలు వదలకుండా, పిల్లల వంతు చెబుతోంది. "బస్సు కమ్సు ఇన్ ద మార్నింగు" అంది. "పొద్దుగాల బస్సొస్తది" అంది. ఆమె చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, రాగం మాత్రం తప్పలేదు.

"వచ్చి చూడుండ్రి" అన్నాను నేను.

"వచ్చి చూడుండ్రి" అన్నారు అందరూ.

టేపు అయిపోయింది. బాపు చెయ్యి దించలేదు. నేను మళ్లీ వెనక్కి తిప్పాను.